ఒక్కరే వెళ్తే ఏ ఊరు: ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్

మా పిన్ని కూతురు పోయిన నెల ఫోన్ చేసింది. ఉద్యోగం మారే సందులో పది రోజులు ఖాళీ దొరుకుతోందట. "యూరప్‌లో ఏదైనా పాత ఊరు ఒక్కదాన్నే చూసి రావాలని ఉంది అక్కా. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడూ బాగుంటాయంటున్నారు. ఏదని ఎంచుకోను?" అని అడిగింది. ఈ మూడు ఊళ్ళూ నేను వేర్వేరు సార్లు ఒంటరిగానే తిరిగాను. దానికి గంటసేపు ఫోన్‌లో చెప్పినదంతా ఒకచోట రాస్తే ఇంకెవరికైనా పనికొస్తుందనిపించింది.

నలుగురూ కలిసి వెళ్తే ఏ ఊళ్ళో ఎన్ని కోటలు, ఎన్ని మ్యూజియాలు అన్న లెక్క సరిపోతుంది. ఒక్కరే వెళ్ళేటప్పుడు ఆ లెక్కతో పని జరగదు. పగలు ఎక్కడైనా గడిచిపోతుంది. మూడు ఊళ్ళలోనూ వారం రోజులు చూసినా తరగనంత ఉంది. అసలు సమస్య సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. మ్యూజియాలు మూసేస్తారు. కాళ్ళు పీకుతుంటాయి. గదికి వెళ్తే నాలుగు గోడలూ ఫోనూ తప్ప ఏమీ ఉండదు. ఇంటికి కాల్ చేద్దామంటే అక్కడ ఆరంటే మనకి వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. అమ్మానాన్నలు పడుకునే వేళ. ఒంటరితనం తెలిసొచ్చేది అప్పుడే. కాబట్టి ఊరు ఎంచుకునేటప్పుడు "అక్కడ ఏం చూస్తాను" కంటే ముందు "అక్కడ సాయంత్రం ఏం చేస్తాను" అని అడగండి. నేను మూడు ఊళ్ళనీ ఆ ఒక్క ప్రశ్నతోనే తూచాను.

ముందే చెప్పేస్తాను. ఒంటరి ప్రయాణం మొదటిసారైతే వియన్నా. తెల్లవారుజామున లేచే అలవాటు, నడిచే ఓపిక ఉంటే ప్రాగ్. చేతిలో డబ్బు కొంచెమే ఉండి, ఇదివరకు ఒకట్రెండు సార్లు ఒక్కరే తిరిగినవాళ్ళైతే బుడాపెస్ట్.

వియన్నా: ఒంటరి మనిషిని వింతగా చూడని ఊరు

వియన్నాలో దారి తప్పడం కష్టం. పాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడల్ని పడగొట్టమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞ ఇచ్చాడు. వాటి స్థానంలో వేసిన వెడల్పాటి రోడ్డే రింగ్‌స్ట్రాసె, 1865లో తెరిచారు. ఒపేరా, పార్లమెంటు, సిటీ హాలు, యూనివర్సిటీ, ఎదురెదురుగా ఉండే రెండు పెద్ద మ్యూజియాలు అన్నీ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. దిక్కు తెలియకపోతే ఎటో ఒకవైపు నడిచి రింగ్ చేరుకుంటే చాలు, ట్రామ్ దొరుకుతుంది. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి ఈ ఒక్క ధైర్యం చాలా పెద్దది.

ఇక సాయంత్రాలు. కున్స్ట్‌హిస్టోరిషెస్ అనే చిత్రకళా మ్యూజియం గురువారం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. ఆల్బర్టీనా అనే ఇంకో మ్యూజియం బుధ, శుక్రవారాల్లో తొమ్మిది దాకా ఉంటుంది. పగలు గుంపులుగా వచ్చే టూరిస్టులు ఏడు దాటాక కనపడరు. కున్స్ట్‌హిస్టోరిషెస్‌లో బ్రూగెల్ అనే పాతకాలపు చిత్రకారుడి బొమ్మల గది ఉంది. ఆ గదిలో మెత్తటి సోఫాలు వేసి ఉంచారు. బాబెల్ గోపురం బొమ్మ ఎదురుగా నేను గురువారం రాత్రి అరగంట పైన కూర్చున్నాను. రాళ్ళు మోసేవాళ్ళు, సున్నం కలిపేవాళ్ళు, రాజుగారి ముందు మోకాళ్ళ మీద వాలిన మేస్త్రీలు, ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోతే టైమ్ తెలియలేదు. పక్కన ఎవరైనా ఉంటే అయిదు నిమిషాల్లో "ఇక పద" అనేవారు.

కాఫీ హౌసుల సంగతి అందరూ చెప్తారు కానీ అవి ఒంటరివాళ్ళకి ఎందుకు నచ్చుతాయో ఎవరూ చెప్పరు. అక్కడ ఒక్కరే కూర్చోవడం మామూలు విషయం. చిన్న లోహపు ట్రేలో కాఫీ కప్పు, పక్కనే గ్లాసు మంచినీళ్ళు పెట్టి వెళ్ళిపోతారు. ఆ ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చున్నా "ఇంకేం కావాలండీ" అని ఎవరూ వచ్చి నిలబడరు. చెక్క కర్రకి బిగించిన వార్తాపత్రికలు ఒక మూల ఉంటాయి. చుట్టూ చూస్తే ప్రతి మూడో టేబుల్ దగ్గరా ఒక్కరే ఉంటారు. ఈ కాఫీ హౌస్ పద్ధతిని ఆస్ట్రియా 2011లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. పేరున్న కెఫే సెంట్రల్ ముందు ఎప్పుడూ క్యూ ఉంటుంది, దాన్ని వదిలేయండి. 1880 నుంచి నడుస్తున్న ష్పెర్ల్‌కి వెళ్ళండి. మన ఫిల్టర్ కాఫీకి అలవాటు పడ్డ నాలుకకి మెలాంజ్ దగ్గరగా ఉంటుంది. కాఫీలో పాలు, పైన నురగ.

అన్నిటికంటే ఒపేరా సంగతి చెప్పాలి, అంటే పాటలతోనే నడిచే నాటకం. సంగీతం తెలియకపోయినా ఫర్వాలేదు, నాకూ తెలియదు. 1869లో కట్టిన స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు ఉంటాయి. వాటిని ప్రదర్శన రోజునే అమ్ముతారు. కుర్చీ టికెట్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. లోపలికి వెళ్ళగానే నా ముందున్న పెద్దావిడ మెడలో స్కార్ఫ్ తీసి, ఎదురుగా ఉన్న కమ్మీకి ముడి వేసి, తాపీగా బయటికి వెళ్ళిపోయింది. అది ఆవిడ చోటని గుర్తు, ఇక ఎవరూ అక్కడ నిలబడరు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే ఊరి నుంచి వచ్చినదాన్ని, నాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. నా చున్నీ కొస ఆవిడ స్కార్ఫ్ పక్కనే కట్టి నేనూ వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ప్రతి చోటు ముందూ చిన్న తెర ఉంటుంది, పాడే మాటలు ఇంగ్లీషులో వస్తాయి. విరామంలో ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో "కాళ్ళు నొప్పా?" అని అడిగి, బరువంతా ఒకే కాలి మీద వేయొద్దని చూపించింది. ఆ రోజంతా నాతో ఎవరైనా మాట్లాడారంటే ఆవిడే. జూలై, ఆగస్టుల్లో మాత్రం ఒపేరాకి సెలవు. ఆ రెండు నెలల్లో వెళ్ళేవాళ్ళు ఈ ఆశ పెట్టుకోవద్దు.

ఒపేరా చుట్టుపక్కల వీధుల్లో పాతకాలపు కోటు, తెల్ల విగ్గు పెట్టుకుని మొజార్ట్ వేషంలో టికెట్లు అమ్మేవాళ్ళు ఎదురవుతారు. వాళ్ళు అమ్మేవి స్టేట్ ఒపేరా టికెట్లు కావు, టూరిస్టుల కోసం వేరే హాళ్ళలో పెట్టే కచేరీలవి. మోసమని అనను కానీ మీరు అనుకున్నది మాత్రం అది కాదు.

ఇబ్బందులు లేకపోలేదు. మూడింటిలో గదుల అద్దె, తిండి ఖర్చు ఎక్కువ వియన్నాలోనే. ఆదివారం షాపులు, సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే పెరుగు, పళ్ళు, బ్రెడ్ కొని పెట్టుకోండి. మంచినీళ్ళు మాత్రం కొనకండి. ఆల్ప్స్ కొండల నుంచి ఊరికి నీళ్ళు తెచ్చే లైను 1873 నుంచి ఉంది, కుళాయి తిప్పితే వచ్చేవి ఆ నీళ్ళే. ఎయిర్‌పోర్టు నుంచి ఎస్7 లోకల్ రైలు ఊళ్ళోకి వస్తుంది. దాని పక్కనే ఆకుపచ్చ రంగు ఎక్స్‌ప్రెస్ రైలు బోర్డులు పెద్దవిగా కనిపిస్తాయి. పది నిమిషాల తేడాకి అంత డబ్బు పెట్టక్కర్లేదు.

ప్రాగ్: తెల్లవారితే మీది, పొద్దెక్కితే అందరిదీ

అందంలో ప్రాగ్‌దే పైచేయి, ఇందులో నాకు రెండో మాట లేదు. రెండో ప్రపంచయుద్ధంలో పెద్దగా దెబ్బ తినకుండా బయటపడ్డ ఊరు. అందుకే ఒకే సందులో గోథిక్ గోపురం, బరోక్ చర్చి, వందేళ్ళ కిందటి పూలతీగల బాల్కనీలు వరసగా కనిపిస్తాయి. కోటలో ఉన్న సెయింట్ వీటస్ కెథెడ్రల్ కట్టడం 1344లో మొదలుపెడితే 1929లో పూర్తయింది. దాదాపు ఆరు వందల ఏళ్ళు. ఒక తరం రాయి పేరిస్తే ఇంకో తరం అద్దం బిగించింది.

కానీ ఆ అందాన్ని చూడాలంటే జనం లేచేలోపు లేవాలి. నేను అక్టోబరులో వెళ్ళాను. మొదటి రోజు మధ్యాహ్నం చార్లెస్ బ్రిడ్జి మీద జనం మధ్య బ్యాగు గుండెకి హత్తుకుని ఒక చివర నుంచి రెండో చివరకి ఎలాగో చేరాను, ఏమీ చూడలేదు. రెండో రోజు పొద్దున ఆరున్నరకి వెళ్తే వల్టావా నది మీద మంచు తెరలు తెరలుగా కదులుతోంది. వంతెన మీద నేను, ఒక ఫోటోగ్రాఫరు, కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన, అంతే. రాజు నాలుగో చార్లెస్ 1357లో మొదలుపెట్టిన వంతెన అది. రెండు పక్కలా 30 విగ్రహాలు. ఎక్కువ భాగం నకళ్ళే, అసలువి మ్యూజియంలో దాచారు. నేపోముక్ జాన్ అనే మతగురువుని 1393లో రాజు ఆజ్ఞతో నదిలో పడేశారు. ఆయన విగ్రహం 1683 నుంచి అక్కడే ఉంది. కింద రెండు కంచు ఫలకాలు ఉంటాయి. ఫలకమంతా నల్లగా ఉంటే చేతులు తగిలిన చోటు మాత్రం బంగారంలా మెరుస్తుంది. తాకితే మంచి జరుగుతుందని నమ్మకం. గుడిలో మెట్టుని ముట్టుకుని కళ్ళకద్దుకునే అలవాటు మనకి ఉండనే ఉంది కదా. నా చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది.

ఎనిమిదిన్నరకల్లా గుంపులు మొదలయ్యాయి. అప్పటికి నేను వంతెన, మలా స్త్రానా పేట సందులు, కోట కింది మెట్లు చూసేసి టిఫిన్‌కి కూర్చున్నాను. ప్రాగ్ చూడాల్సిన తీరు ఇదే. ఆరింటికి లేవలేనివాళ్ళు ఈ ఊరు ఎంచుకుంటే సగం ఊరే చూసినట్టు.

ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి ప్రాగ్‌లో తప్పకుండా చూడమని చెప్పేది జోసెఫోవ్, పాత యూదుల పేట. అక్కడి పింకస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గోడల నిండా చేత్తో రాసిన పేర్లు ఉంటాయి. నాజీల చేతిలో చనిపోయిన చెక్ యూదులవి, దాదాపు 78,000 పేర్లు. ఇంటిపేరు ఎర్రగా, కింద వ్యక్తుల పేర్లు నల్లగా ఉంటాయి. ఒకే ఇంటిపేరు కింద ఏడుగురు, ఎనిమిది మంది కనపడితే ఇక మాట రాదు. అక్కడ పక్కన మనిషి లేకపోవడమే మంచిదనిపించింది. శనివారం మూసి ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

పాత ఊరి కూడలిలో 1410 నాటి గడియారం ముందు గంట గంటకీ జనం తలలెత్తి నిలబడతారు. బొమ్మలు తిరిగేది నిమిషం కూడా ఉండదు. అందరి కళ్ళూ పైన ఉంటాయి కాబట్టి జేబుదొంగలకి అదే అనువైన చోటు. కోటకి వెళ్ళే 22 నంబరు ట్రామ్ కూడా అంతే.

మరి సాయంత్రం? ప్రాగ్ సాయంత్రాలు ఎక్కువగా బీరు హాళ్ళ చుట్టూ తిరుగుతాయి. పాత పద్ధతి హాళ్ళలో మీరు అడగకుండానే గ్లాసు ఖాళీ కాగానే ఇంకోటి పెడతారు, చిన్న కాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీస్తారు. చాలనుకుంటే గ్లాసు మీద అట్ట పెట్టాలి. పొడవాటి బల్లల దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కనే కూర్చుంటారు. తాగేవాళ్ళకి ఇది స్నేహాలు కలిసే చోటు. తాగని నాకు మొదట ఇబ్బందనిపించింది. తర్వాత కోఫోలా అడగడం నేర్చుకున్నాను. 1960 నుంచి అక్కడ తయారవుతున్న కూల్ డ్రింకు అది, కోలా లాంటిదే, కొంచెం మూలికల వాసన ఉంటుంది. బీరులాగే కుళాయి తిప్పి గ్లాసులో పోసిస్తారు. ఎవరూ వింతగా చూడరు. శుక్ర, శనివారాల రాత్రుళ్ళు పాత ఊరి మధ్యలో తాగి అరుచుకుంటూ తిరిగే విదేశీ కుర్రాళ్ళ గుంపులు ఉంటాయి. హాని చేయరు కానీ ఒక్కరే నడిచేటప్పుడు టెన్షన్‌గా ఉంటుంది. అందుకే గది వినోహ్రాడీ అనే పేటలో తీసుకోండి. అక్కడ రీగ్రోవి సాది అనే పార్కు గడ్డి మీద కూర్చుంటే కోట వెనక సూర్యుడు దిగడం కనిపిస్తుంది. ఆ పేటలో ఉండేవాళ్ళు పిల్లలతో, కుక్కలతో వచ్చి కూర్చుంటారు. నాకు ప్రాగ్‌లో నచ్చిన సాయంత్రాలు అక్కడివే.

చెక్ దేశంలో యూరో కాదు, కొరునా. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. టూరిస్టులు తిరిగే వీధిలో ఒక మనీ ఛేంజ్ షాపు బోర్డు మీద మంచి రేటు కనపడింది, వంద యూరోలు ఇచ్చాను. చేతికొచ్చింది చూస్తే నాలుగో వంతు తక్కువ. బోర్డు మీద ఉన్నది పెద్ద మొత్తాలకి రేటట. అడిగితే అద్దం వెనక ఉన్నతను మొహం తిప్పుకున్నాడు. తర్వాత హోటల్‌లో చెప్పాకే తెలిసింది, 2019లో వచ్చిన చట్టం ప్రకారం 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చని. రసీదు మాత్రం చేతిలో ఉండాలి. నాకు అప్పటికి టైమ్ దాటిపోయింది. మీకు ఆ అవసరమే రాకూడదంటే బ్యాంకుల ఏటీఎంలోనే తీసుకోండి. మెషీన్ "రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని అడిగితే వద్దనండి, స్థానిక కరెన్సీలోనే తీసుకోండి. ఈ సలహా మూడు ఊళ్ళకీ వర్తిస్తుంది.

బుడాపెస్ట్: రాత్రి వెలిగే ఊరు

బుడాపెస్ట్ నాకు మొదట నచ్చలేదు. జనవరిలో దిగాను, నాలుగున్నరకే చీకటి. భవనాలు పెద్దవి కానీ చాలా వాటి గోడలు నల్లబడి ఉన్నాయి. 1945 జనవరిలో వెనక్కి వెళ్తున్న జర్మన్ సైన్యం డాన్యూబ్ నది మీద మిగిలి ఉన్న వంతెనల్ని పేల్చేసింది. 1849లో కట్టిన చెయిన్ బ్రిడ్జి మళ్ళీ నిలబడడానికి 1949 దాకా పట్టింది. 1956లో సోవియట్ ట్యాంకులు ఈ వీధుల్లోకే వచ్చాయి. వియన్నా ముస్తాబైన ఊరు, ఇది దెబ్బలు తిని లేచిన ఊరు. అది అర్థమవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడో రోజు సాయంత్రం సెచెన్యీ స్నానశాలకి వెళ్ళాను. 1896లో తెరిచిన ఎం1 మెట్రోలో వెళ్ళాలి. యూరప్ ఖండం మీద కరెంటుతో నడిచే అంత పాత భూగర్భ రైలు ఇంకోటి లేదు. పసుపుపచ్చ బుల్లి పెట్టెలు, నాలుగు మెట్లు దిగితే స్టేషను. స్నానశాల 1913 నాటిది, రాజమహల్‌లా ఉంటుంది. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు. బయట సున్నా డిగ్రీలు, ఆరుబయట కొలనులో నీళ్ళు 38 డిగ్రీల దాకా. తలుపు నుంచి కొలను దాకా తడి కాళ్ళతో పరిగెత్తిన ఆ పది అడుగులు ప్రాణం పోయినట్టుంది. మెడ దాకా దిగాక ఆవిరి తప్ప ఏమీ కనపడలేదు. కాసేపటికి ఆవిరిలోంచి నీళ్ళలోనే నిలబడి చదరంగం ఆడుతున్న నలుగురు పెద్దమనుషులు బయటపడ్డారు. ఒకాయన ఎత్తు వేయడానికి పది నిమిషాలు తీసుకున్నాడు, ఎవరూ తొందర పెట్టలేదు. నేను గట్టుకి ఆనుకుని ఆ ఆట అయిపోయేదాకా చూశాను. వెళ్ళేవాళ్ళు తువ్వాలు, రబ్బరు చెప్పులు పట్టుకెళ్ళండి, అక్కడ తీసుకుంటే ఖర్చు. చేతికి ఇచ్చే పట్టీతోనే లాకర్ తెరుచుకుంటుంది. స్విమ్మింగ్ డ్రెస్ వేసుకుని అందరి మధ్యా తిరగడం మనలో చాలామంది ఆడవాళ్ళకి కొత్త. అక్కడ అన్ని వయసులవాళ్ళూ, అన్ని ఒళ్ళవాళ్ళూ ఉంటారు, ఒకరినొకరు చూసుకోరు. అయిదు నిమిషాల్లో ఆ బెరుకు పోతుంది. టికెట్ ధర ఈ మధ్య బాగా పెరిగింది, అయినా ఒక్కసారి వెళ్ళాల్సిందే.

రెండో సాయంత్రపు పని దాదాపు ఉచితం. 2 నంబరు ట్రామ్ పెస్ట్ వైపు, అంటే ఊరి తూర్పు భాగంలో, నది ఒడ్డునే నడుస్తుంది. చీకటి పడ్డాక ఒక చివర నుంచి చివరకి కిటికీ పక్కన కూర్చోండి. తర్వాత మెట్రోలో నది దాటి బత్యాని కూడలిలో దిగితే ఎదురుగా పార్లమెంటు మొత్తం దీపాలతో కనిపిస్తుంది. దాని ఎత్తు 96 మీటర్లు. మగ్యార్లు, అంటే హంగేరియన్ల పూర్వీకులు, ఆ నేల మీదికి వచ్చింది 896లో అని, ఆ గుర్తుగా పెట్టుకున్న లెక్క. సెయింట్ స్టీఫెన్ బసిలికా ఎత్తు కూడా అంతే. పార్లమెంటుకి కొంచెం కిందుగా ఒడ్డున 60 జతల ఇనుప చెప్పులు, బూట్లు ఉంటాయి. 1944-45లో యూదుల్ని నది అంచున నిలబెట్టి, చెప్పులు విప్పించి కాల్చేశారు. ఆ గుర్తుగా 2005లో పెట్టారు. అది పగలు చూడండి.

ఖర్చు విషయంలో బుడాపెస్టే తేలిక. వియన్నాలో హాస్టల్ మంచానికి పెట్టే డబ్బుకి ఇక్కడ చాలాసార్లు సొంత గది దొరుకుతుంది. అయితే చవక అని ఏడో డిస్ట్రిక్టులో తీసుకోవద్దు, అక్కడ బార్ల గోల తెల్లారేదాకా. ఆంద్రాషీ రోడ్డు పక్కన ఆరో డిస్ట్రిక్టు, నది దగ్గర అయిదో డిస్ట్రిక్టు ఒంటరివాళ్ళకి మేలు. ఎయిర్‌పోర్టు నుంచి 100ఇ బస్సు నేరుగా దియాక్ కూడలికి తెస్తుంది. దానికి మామూలు టికెట్ చెల్లదు, వేరే టికెట్ కొనాలి. రోడ్డు మీద చెయ్యెత్తి టాక్సీ ఆపకండి, యాప్‌లోనే పిలవండి. 6 నంబరు ట్రామ్ రాత్రంతా తిరుగుతుంది. రాత్రి పూట ఒంటరి ఆడవాళ్ళకి అది నిజంగా ధైర్యం.

మూడు ఊళ్ళలోనూ టికెట్ కొనగానే సరిపోదు, కాగితం టికెట్ మీద ముందే ముద్ర లేకపోతే మెషీన్‌లో కొట్టించాలి. గేట్లు ఉండవు కాబట్టి ఎవరూ చూడరనుకుంటాం. బుడాపెస్ట్‌లో ఎస్కలేటర్ దగ్గరే నిలబడతారు, టూరిస్టునన్నా జరిమానా తప్పదు.

తిండి

శాకాహారులకి వియన్నా మొదటి మార్కు. చీజ్ కలిపిన ష్పెట్స్‌లే అనే చిన్న పిండి ముద్దలు, ఆప్రికాట్ పండు పెట్టి ఉడికించిన ఉండలు, ముక్కలుగా చేసిన తీపి పాన్‌కేక్ కైజర్‌ష్మార్న్ ఎక్కడైనా దొరుకుతాయి. ప్రాగ్‌లో వేయించిన చీజ్, బ్రంబొరాక్ అనే బంగాళదుంప అట్టు. అట్టు అంచు కరకరలాడుతూ, వెల్లుల్లి వాసనతో మన నోటికి బాగా పడుతుంది. బుడాపెస్ట్‌లో లెచో ఉంటుంది. క్యాప్సికం, టమాటా, ఉల్లిపాయ మగ్గబెట్టిన కూర, మన ఇంట్లో చేసినట్టే ఉంటుంది. అయితే దాంట్లో సాసేజ్ వేస్తుంటారు, అడిగి తీసుకోండి. సూపులు మాంసం ఉడికించిన నీళ్ళతో చేసేవే ఎక్కువ. మాంసం లేకుండా అని చెప్పడానికి చెక్‌లో "బెజ్ మసా", జర్మన్‌లో "ఓనె ఫ్లైష్", హంగేరియన్‌లో "హూష్ నేల్కూల్". ప్రాగ్ వీధుల్లో నిప్పుల మీద తిప్పే గొట్టం లాంటి తీపి రొట్టెని పాత చెక్ వంటకమని అమ్ముతారు. కాదు. అలాంటిది తినాలనుంటే బుడాపెస్ట్‌లో కుర్తోష్ కలాచ్ తినండి, హంగేరియన్ల పాత తిండి అది.

ఒంటరిగా పెద్ద రెస్టారెంట్‌లో రాత్రి భోజనం ఇబ్బందనిపిస్తే అసలు భోజనం మధ్యాహ్నమే కానివ్వండి. మూడు ఊళ్ళలోనూ సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నపు మెనూ ఉంటుంది, ఆఫీసుల వాళ్ళు తినేది. రాత్రి ధరకంటే బాగా తక్కువ, పక్క టేబుళ్ళలో కూడా ఒక్కొక్కరే ఉంటారు. రాత్రికి గదిలో పెరుగు, బ్రెడ్, వెంట తెచ్చుకున్న పచ్చడి చాలు. నేను గోంగూర డబ్బా లేకుండా బయల్దేరను.

వీసా, రైళ్ళు, ఎన్ని రోజులు

మూడు దేశాలకీ ఒకే షెంగెన్ వీసా. ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు పెట్టుకోవచ్చు. 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని వేరే దేశానికి పెట్టి, హోటల్ బుకింగులు ఇంకోలా ఉంటే తిరస్కరిస్తారు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకి ఈ గొడవ లేదు. అక్కడి రెసిడెన్స్ పర్మిట్‌తోనే వెళ్ళి రావచ్చు, డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ రెండున్నర గంటలే.

పది రోజులుంటే మూడూ చుట్టేయాలనిపిస్తుంది. ఒకే రైలు దారిలో ఉన్నాయి కూడా. ప్రాగ్ నుంచి వియన్నాకి నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కి రెండున్నర గంటల పైన. అయినా నేను వద్దంటాను. ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టె మోయడం, కొత్త స్టేషన్, కొత్త తాళం, కొత్త పేట అన్నీ మన ఒక్కరి మీదే పడతాయి. అదే ఊళ్ళో నాలుగో రోజు ఉంటే మూల మీద బేకరీ ఆవిడ గుర్తుపట్టి నవ్వుతుంది. పది రోజులకి రెండు ఊళ్ళు, వారానికి ఒక్కటి. రెండయితే వియన్నా, బుడాపెస్ట్ జత బాగుంటుంది, ఒకటి ఖర్చు పెంచితే ఇంకోటి తగ్గిస్తుంది. ప్రాగ్‌ని విడిగా పెట్టుకోండి, మే నెలలోనో సెప్టెంబరు చివరనో.

మా చెల్లి చివరికి వియన్నాలో అయిదు రాత్రులు, బుడాపెస్ట్‌లో నాలుగు అని తేల్చుకుంది, ఆస్ట్రియాకి దరఖాస్తు పెడుతోంది. దానికి ఒక చీటీ రాసిచ్చాను, మీరూ రాసుకోండి. స్టేషన్ బోర్డు మీద వియన్నా పేరు ఆస్ట్రియాలో వీన్, చెక్‌లో వీదెన్, హంగేరీలో బేచ్ అని ఉంటుంది. బుడాపెస్ట్‌లో తిరుగు రైలు కోసం వియన్నా అన్న పేరు వెతుక్కుంటూ నేను కెలెతి స్టేషన్‌లో బేచ్ అని రాసి ఉన్న బోర్డు కిందే ఇరవై నిమిషాలు నిలబడ్డాను.